హాఫ్‌టైమ్‌ను ఎలా వాడుకుంటే మూడో క్వార్టర్ మనదవుతుంది

మొదటి సగంలో 9 పాయింట్లు వెనకబడ్డ జట్టు మూడో క్వార్టర్ మొదలవగానే వేరే జట్టులా ఆడటం మన కాలేజీ బాస్కెట్‌బాల్ మ్యాచ్‌ల్లో తరచూ కనిపించేదే. చూసేవాళ్ళు "పీడీ సార్ గట్టిగా క్లాసు పీకి ఉంటారు" అనుకుంటారు. నిజానికి క్లాసు పీకడం వల్ల ఒరిగేది తక్కువ. ఆ పదిహేను నిమిషాల్లో పిల్లలు ఎప్పుడు నీళ్ళు తాగారు, ఎన్ని మాటలు బుర్రకెక్కాయి, ఒళ్ళు మళ్ళీ ఎంత వేడెక్కించుకుని దిగారు అనే వాటి మీదే మూడో క్వార్టర్ నడుస్తుంది. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల కాలేజీ జట్లను చూసుకునే పీడీలు, కోచ్‌లు, కెప్టెన్లు రేపటి మ్యాచ్‌లోనే అమలు చేసుకోగలిగిన పద్ధతి ఇది.

ముందుగా ఒక భ్రమ వదులుకోవాలి

మీ జట్టు మామూలుగా పది షాట్లకు నాలుగు వేస్తుందనుకుందాం. మొదటి సగంలో 30 కొడితే 8 పడ్డాయి. రెండో సగంలో ఎవరూ నోరు విప్పకపోయినా అవే 30 షాట్లకు 11, 12 పడే అవకాశమే ఎక్కువ, ఎందుకంటే అదే ఆ జట్టు అసలు స్థాయి. మధ్యలో కోచ్ అరిచి ఉంటే ఆ నాలుగు బుట్టలూ అరుపు ఖాతాలో పడతాయి. అలా రెండుసార్లు జరిగితే చాలు, అరవడమే వ్యూహమైపోతుంది.

2011లో జోనా బర్జర్, డెవిన్ పోప్ అనే పరిశోధకులు వేలాది ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్), అమెరికా కాలేజీ మ్యాచ్‌లు లెక్కగట్టి, హాఫ్‌టైమ్‌కి ఒకే ఒక్క పాయింటు వెనక ఉన్న జట్లు అంచనాకి మించి గెలుస్తున్నాయన్నారు. తర్వాత ఇంకా పెద్ద లెక్కలతో వేరేవాళ్ళు చూస్తే అది గట్టిగా నిలబడలేదు. మనకు ఎక్కువ పనికొచ్చేది 2019లో వచ్చిన మరో పరిశోధన. కాలిఫోర్నియాలో హైస్కూలు, కాలేజీ కోచ్‌ల హాఫ్‌టైమ్ మాటలు 304 రికార్డు చేసి చూశారు. కోచ్ అసంతృప్తిని కొంతవరకు చూపిస్తే జట్టు మెరుగుపడింది, అది హద్దు దాటిన చోట ఆట దెబ్బతింది. కాబట్టి కోపం రావడం తప్పేం కాదు, ఒక నిమిషంలో చెప్పేసి బోర్డు అందుకోవాలి.

షాట్లు ఎన్ని పడ్డాయని కాకుండా, ఎలాంటి షాట్లు దొరికాయని చూడటం దీనికి విరుగుడు. ఖాళీగా దొరికిన లేఅప్‌లు (బుట్ట దగ్గరకు పరిగెత్తి వేసే షాట్లు), మూల నుంచి ఎవరూ అడ్డు లేని షాట్లు తప్పుతూ ఉంటే ప్లాన్ మార్చకండి. అవి పడతాయి. చేతులు అడ్డొస్తున్నా, షాటుకి ఇచ్చే 24 సెకన్లు అయిపోతున్నాయని విసిరినవి తప్పుతూ ఉంటే మార్చాల్సింది ప్లానే.

గడియారం, నిబంధనలు

ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) నిబంధనల ప్రకారం పది నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు, హాఫ్‌టైమ్ 15 నిమిషాలు, మిగతా క్వార్టర్ల మధ్య 2 నిమిషాలు. అమెరికా కాలేజీ పురుషుల మ్యాచ్‌లో మాత్రం 20 నిమిషాల సగాలు రెండే. యూట్యూబ్‌లో వాళ్ళ హాఫ్‌టైమ్ పద్ధతులు చూసి దించేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోండి. ఒకే రోజు ఎక్కువ మ్యాచ్‌లు పెట్టుకున్న టోర్నమెంట్లలో హాఫ్‌టైమ్‌ని పది నిమిషాలకో, అయిదుకో కుదించేస్తారు. మ్యాచ్‌కి ముందే స్కోరర్ టేబుల్ దగ్గర అడిగి తెలుసుకోవాలి.

రెండో సగంలో మారేవి నాలుగున్నాయి.

టీమ్ ఫౌల్స్ ప్రతి క్వార్టర్‌కీ సున్నా నుంచి మొదలవుతాయి. అయిదో ఫౌల్ నుంచి అవతలివాళ్ళకు రెండు ఫ్రీత్రోలు. అంటే రెండో క్వార్టర్ చివర్లో భయపడి వెనక్కి తగ్గిన డిఫెన్స్ మూడో క్వార్టర్ మొదట్లో మళ్ళీ మీదకు వెళ్ళొచ్చు. ఈ మాట ఆటగాళ్ళకు నోటితో చెప్పాలి, లేకపోతే పాత భయంతోనే దిగుతారు.

టైమవుట్లు మొదటి సగానికి 2, రెండో సగానికి 3. మొదటివి మిగిలినా కలవవు. నాలుగో క్వార్టర్ చివరి రెండు నిమిషాల్లో మూడింటిలో రెండే వాడుకోనిస్తారు. మూడూ దాచుకున్నవాళ్ళు ఒకటి పోగొట్టుకుంటారు. కాబట్టి ఒకటి మూడో క్వార్టర్‌కి అనే లెక్కతోనే దిగండి.

మూడోది బాణం. తర్వాతి బంతి ఎవరిదో టేబుల్ దగ్గర చూపించే పొసెషన్ బాణం ఎటు ఉందో హాఫ్‌టైమ్‌కి వెళ్ళే ముందే చూసుకోవాలి. బంతి మనదైతే, టేబుల్‌కి ఎదురుగా ఉన్న సైడ్‌లైన్ మీద, సెంటర్‌లైన్ దగ్గర నుంచి త్రో-ఇన్. దానికి ఒక ప్లే ముందే సిద్ధంగా ఉండాలి. ఆటలో మొదటి రెండు పాయింట్లు అంత ప్రశాంతంగా వచ్చే చోటు మరొకటి లేదు.

నాలుగోది చాలామంది పట్టించుకోనిది. రెండో సగంలో బుట్టలు మారతాయి. ఫిబా పద్ధతిలో మొదటి సగంలో మన బెంచీ పక్కనున్న బుట్టని మనం కాపాడుకుంటాం, రెండో సగంలో అవతలి బుట్టని కాపాడతాం. అంటే డిఫెన్స్ అంతా కోచ్ గొంతుకి దూరంగా జరుగుతుంది. మొదటి సగంలో "స్క్రీన్ లెఫ్ట్!" (ఎడమవైపు దారికి అడ్డు నిలబడ్డాడు) అని బెంచీలోంచి అరిచి సర్దినవన్నీ ఇప్పుడు లోపలివాళ్ళే చెప్పుకోవాలి. బుట్ట దగ్గర ఆడుతూ, వెనక నుంచి మొత్తం కోర్టు కనిపించే సెంటర్ ఆటగాడికి ఆ పని పేరుపెట్టి అప్పజెప్పండి. చివరగా, కంగారులో సొంత బుట్టలోనే వేసుకుంటే అవతలివాళ్ళకు రెండు పాయింట్లు. అది జరగకుండా వార్మప్ మొత్తం కొత్త బుట్ట దగ్గరే చేయించండి.

ఒక కాగితం, ఇద్దరు సబ్‌స్టిట్యూట్లు

కోచ్ జ్ఞాపకానికి చివరి మూడు నిమిషాలే మిగులుతాయి. మొదటి సగం మొత్తం కావాలంటే రాయించాలి. ఇద్దరు చాలు. ఒకరు అర కోర్టు గీసుకుని మన షాట్లు గుర్తుపెడతారు: పడితే సున్నా, తప్పితే ఇంటూ, పక్కన జెర్సీ నంబరు. ఇంకొకరు అవతలివాళ్ళ పాయింట్లు ఏ దారిన వచ్చాయో గీతలు పెడతారు. ఫాస్ట్‌బ్రేక్ (బంతి దొరకగానే దూసుకెళ్ళడం), ఆఫెన్సివ్ రీబౌండ్ (తమ షాటు తప్పాక బంతి మళ్ళీ తామే అందుకోవడం), డ్రైవ్ (డ్రిబుల్ చేస్తూ బుట్టవైపు చొచ్చుకెళ్ళడం), బయటి షాట్, ఫ్రీత్రో, ఈ అయిదు గడులు. అదే కాగితం కింద మన టర్నోవర్లు, అంటే షాటు కొట్టకుండానే బంతి పోగొట్టుకున్నవి: బంతి లాక్కున్నవి ఒకవైపు, ట్రావెలింగ్, లైన్ తొక్కడం, 8 సెకన్లలో బంతిని సెంటర్‌లైన్ దాటించకపోవడం వంటివి ఇంకోవైపు. లాక్కున్నవి ఎక్కువ ప్రమాదం, అవి నేరుగా లేఅప్‌లుగా మారతాయి.

హాఫ్‌టైమ్‌కి అర నిమిషంలో చేసే లెక్క ఇది. మనకు దక్కిన పొసెషన్లు (బంతి మన చేతికొచ్చిన వంతులు) అంటే షాట్లలోంచి మన ఆఫెన్సివ్ రీబౌండ్లు తీసేసి, టర్నోవర్లు కలిపి, ఫ్రీత్రోల్లో 0.44 వంతు కలపడం. ఉదాహరణకి 32 షాట్లు, 5 ఆఫెన్సివ్ రీబౌండ్లు, 11 టర్నోవర్లు, 8 ఫ్రీత్రోలు అనుకోండి. 32 నుంచి 5 పోతే 27, టర్నోవర్లు 11 కలిపితే 38, ఫ్రీత్రోలకు 3.5. మొత్తం సుమారు 41. పాయింట్లు 31 అయితే పొసెషన్‌కి 0.75. చూడ్డానికి షూటింగ్ బాగాలేదనిపిస్తుంది. కానీ ఆ 41లో 11 అసలు షాటే చూడలేదు. మిగిలిన 30లో 31 పాయింట్లు వచ్చాయి, అంటే షాటు దాకా వెళ్ళిన ప్రతిసారీ ఒక పాయింటు. ఈ జట్టుకి "సరిగ్గా షూట్ చేయండి" అని చెప్పడం శుద్ధ దండగ. టర్నోవర్లు 11 నుంచి 6కి దిగితే అయిదు పాయింట్లు వాటంతట అవే వస్తాయి. చెప్పాల్సిందల్లా ఆ పాసులు ఎక్కడ పోతున్నాయో.

మొదటి మూడు నిమిషాలు ఒంటికి

బజర్ మోగగానే అందరినీ చుట్టూ కూర్చోబెట్టి మొదలుపెట్టడం పెద్ద పొరపాటు. గుండె అంత వేగంగా కొట్టుకుంటున్నప్పుడు చెప్పింది చెవిదాకా వెళ్తుంది, అక్కడే ఆగిపోతుంది. మూడు నిమిషాలు వదిలేయండి. ఆ సమయంలో కోచ్, రాసినవాళ్ళిద్దరూ పక్కకు వెళ్ళి కాగితం చూసుకోవాలి.

మన దగ్గర ఎక్కువ మ్యాచ్‌లు కాలేజీ గ్రౌండులో సిమెంటు కోర్టుల మీదే. సాయంత్రం నాలుగుకి ఎండ తగ్గినట్టే ఉంటుంది, కోర్టు మాత్రం మధ్యాహ్నం మింగిన వేడంతా కింద నుంచి వదులుతూ ఉంటుంది. డ్రెస్సింగ్ రూమ్ ఉండదు. కాబట్టి పొద్దున్నే వెళ్ళి నీడ ఎక్కడ పడుతుందో చూసుకుని, వేపచెట్టు కిందో, గ్యాలరీ వెనకో చోటు పట్టుకోండి. ఇండోర్ స్టేడియంలో అయితే ఎండ బాధ ఉండదు కానీ బెజవాడ ఉక్కపోతలో చెమట ఆరదు. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడేది. అందుకే టేబుల్ ఫ్యాన్ ఒకటి, ఒక బకెట్ ఐసు నీళ్ళు వెంట ఉండాలి. తడి తువ్వాలు మెడ మీద, మోచేతుల దాకా చేతులు రెండు నిమిషాలు బకెట్లో. తర్వాత చేతులు పూర్తిగా తుడుచుకోవాలి, వేళ్ళ మధ్య కూడా. తడి చేత్తో పట్టిన మొదటి పాసే జారిపోతుంది. పొడి మేజోళ్ళు, పొడి బనియన్ మార్చుకుంటే పొక్కులు రావు, ఒళ్ళు తేలిగ్గా కూడా అనిపిస్తుంది.

తాగేది 300 మిల్లీలీటర్ల దాకా, గుక్కగుక్కగా. గటగటా తాగితే మూడో క్వార్టర్ మొదట్లో పొట్ట కుదుపుతుంది. ఎవరికి ఎంత కావాలో ప్రాక్టీసు రోజున తేల్చుకోవచ్చు. ఆటకి ముందు, తర్వాత తూకం వేయండి. 60 కిలోల కుర్రాడు 1.2 కిలోలు తగ్గాడంటే ఒంటి బరువులో 2 శాతం పోయినట్టు, ఆట మందగించే హద్దు ఇంచుమించు అక్కడే. వాడు మొదటి క్వార్టర్ నుంచే ప్రతి విరామంలో తాగాలి, హాఫ్‌టైమ్ దాకా ఆగితే సరిపోదు.

ఏం తాగాలి అంటే, ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మీద ఎన్ని నీళ్ళు రాసి ఉంటే అన్ని నీళ్ళలోనే కలపాలి. లీటరుకి కలపాల్సిన ప్యాకెట్‌ని చిన్న సీసాలో కలిపితే చిక్కబడి కడుపు తిప్పుతుంది. ఇంట్లో చేసుకుంటే లీటరు నీళ్ళకు ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, టీ చెంచాతో, పైన సమంగా గీసి, పైన ఒక నిమ్మకాయ. ఉప్పు ఇంతకంటే ఎక్కువైతే చేటు. వట్టి గ్లూకోజ్ పొడి నీళ్ళలో తీపే తప్ప చెమటలో పోయిన ఉప్పు రాదు. కొబ్బరినీళ్ళు మంచివే, వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ, కాబట్టి చిటికెడు ఉప్పు కావాలి. పల్చటి మజ్జిగ కొందరికి హాయిగా ఉంటుంది, కొందరికి పరిగెడితే పైకొస్తుంది. మ్యాచ్ రోజు కొత్తగా ప్రయత్నించకండి. తినడానికి అర అరటిపండో, రెండు ఖర్జూరాలో చాలు. మిర్చిబజ్జీల పొట్లం ఎవరైనా అభిమానంగా తెస్తే మ్యాచ్ అయ్యాకే విప్పండి. నూనె సరుకు అరగడానికి గంటలు పడుతుంది.

ఇంకో మాట. ఎవరైనా తల తిరుగుతోందన్నా, మాట తడబడినా, వణుకు పుట్టినా వాణ్ణి మళ్ళీ దింపొద్దు. ఒళ్ళు తడిపి, గాలి తగిలించి, వైద్యం అందేలా చూడండి. గెలుపోటములు తర్వాతి సంగతి.

మాట్లాడేది అయిదు నిమిషాలు

ముందు ఒక నిమిషం ఆటగాళ్ళది. కోచ్ ఒకే ప్రశ్న అడగాలి: "నీ ముందున్నవాడు నిన్ను ఎలా దాటుతున్నాడు?" బయట నుంచి కనిపించనివి అక్కడ బయటపడతాయి. "సార్, వాళ్ళ 11 నంబరు స్క్రీన్ పెట్టేటప్పుడు కదులుతున్నాడు" అనో, "నేను మడమ తిప్పలేకపోతున్నా సార్" అనో వస్తుంది. సీనియర్లు, పాత బ్యాచ్ ఆటగాళ్ళు చుట్టూ చేరి ఎవరికి తోచింది వాళ్ళు చెప్పడం ఇక్కడే మొదలవుతుంది. మర్యాదగా దూరం పెట్టాలి. ఫోన్లు మేనేజర్ సంచీలో ఉండాలి.

తర్వాత బోర్డు మీద మూడే మూడు విషయాలు. డిఫెన్స్‌లో రెండు, ఆఫెన్స్‌లో ఒకటి. నాలుగోది చెబితే మొదటిది పోతుంది. చెప్పే తీరు కూడా ముఖ్యం. "డిఫెన్స్ టైట్‌గా ఆడండి" అంటే ఎవరూ ఏమీ మార్చరు. ఇలా చెప్పండి: "వాళ్ళ 7 నంబరు ప్రతిసారీ కుడిచేత్తోనే డ్రైవ్ చేస్తున్నాడు. నువ్వు వాడికి నేరుగా ఎదురుగా నిలబడుతున్నావు. ఈసారి నీ ముక్కు వాడి కుడి భుజానికి ఎదురుగా ఉండాలి. ఎడమకే వెళ్ళనీ. రెండో డ్రిబుల్‌కి సెంటర్ వచ్చి ఆపుతాడు. సెంటర్ వదిలిన మనిషిని ఎవరు చూసుకుంటారు?" ఆ చివరి ప్రశ్నకు జవాబు ఆటగాడి నోటి నుంచే రావాలి. చెప్పలేకపోతే అర్థం కానట్టే, మళ్ళీ చెప్పాలి.

అవతలివాళ్ళు 2-3 జోన్ (ముందు ఇద్దరు, వెనక ముగ్గురు, మనిషిని కాకుండా చోటుని కాపాడే డిఫెన్స్) వేస్తున్నారనుకోండి. మన కుర్రాళ్ళు బయటే బంతి తిప్పుతూ కూర్చుంటారు. ఆఫెన్స్‌కి ఒకే మాట: ఫ్రీత్రో లైన్ మధ్యలోకి ఒకడు దూసుకొచ్చి బంతి అందుకోవాలి, అందుకోగానే బుట్టవైపు తిరగాలి. అప్పుడు జోన్ నడుమవాడు పైకి వస్తాడు, వాడి వెనక బేస్‌లైన్ ఖాళీ అవుతుంది. అందుకున్నవాడు తిరగకుండా బంతిని వచ్చిన దారినే పంపేస్తే మొత్తం వృథా. జోన్ మీద ఆగిపోయే జట్లలో చాలాసార్లు తప్పు ఇక్కడే.

మూడు ఫౌల్స్ ఉన్నవాడి సంగతి ఇప్పుడే తేల్చాలి. అయిదుకి అవుట్. ఆడించాలనుకుంటే మనమే జోన్‌లోకి వెళ్ళి వాణ్ణి వెనక వరసలో ఓ పక్కన ఉంచొచ్చు. మధ్యలో పెడితే వచ్చిన ప్రతివాణ్ణీ ఆపబోయి నాలుగోది తెచ్చుకుంటాడు. మొదట ఆడిన అయిదుగురే మూడో క్వార్టర్ మొదలుపెట్టాలన్న నియమమేమీ లేదు. రెండో క్వార్టర్‌ని నిలబెట్టినవాళ్ళు ఎవరో కాగితం చెబుతుంది.

12 పాయింట్లు ఆధిక్యంలో ఉన్న జట్టుకి అసలు ఇంకా శ్రద్ధగా చెప్పాలి. "0-0 అనుకోండి" అంటే ఎవరూ అనుకోరు. దానికి బదులు చిన్న లక్ష్యం ఇవ్వండి: మొదటి నాలుగు నిమిషాల్లో వాళ్ళకి ఆరు పాయింట్లు దాటకూడదు.

మళ్ళీ వేడెక్కడం

మూడో క్వార్టర్‌కి 3 నిమిషాలు ఉండగా ఒకసారి, నిమిషంన్నర ఉండగా ఒకసారి టైమర్ సిగ్నల్ ఇస్తాడు. ఆ మొదటి సిగ్నల్ విని కోర్టు వైపు నడిస్తే అప్పటికే ఆలస్యం. అయిదు నిమిషాలు మిగిలి ఉండగానే కోర్టులో ఉండాలి. ఫుట్‌బాల్‌లో కొలిచి చూశారు: హాఫ్‌టైమ్ అంతా కూర్చుంటే తొడ కండరాల వేడి 2 డిగ్రీల దాకా పడిపోయి, పరుగు వేగం తగ్గింది. మధ్యలో కాస్త కదిలినవాళ్ళకు తగ్గలేదు. మన వేడి ఊళ్ళో ఇది అక్కర్లేదనుకోకూడదు. ఒంటికి ఉక్క వేరు, కండరం సిద్ధంగా ఉండటం వేరు. పావుగంట గట్టు మీద కూర్చున్న కాళ్ళు బెజవాడలోనైనా బిగుసుకుంటాయి.

మొదటి నిమిషం నెమ్మది పరుగు, పక్కకు స్లైడింగ్. రెండో నిమిషం ఒక కాలు ముందుకేసి మోకాలు వంచడం, కాళ్ళు ముందుకీ వెనక్కీ ఊపడం. కూర్చుని కాలు పట్టుకుని నిమిషాల తరబడి సాగదీయకూడదు, ఎగిరే బలం కాసేపు తగ్గుతుంది. తర్వాత రెండు నిమిషాలు రెండువైపుల నుంచీ వేగంగా లేఅప్‌లు, వెనక ఒకడు తరుముతూ ఉండాలి. చివరి నిమిషం ఎవరికి వాళ్ళ ప్లేలో షాటు దొరికే చోటు నుంచే షాట్లు, తలా రెండు ఫ్రీత్రోలు, అర కోర్టు పరుగులు రెండు. సెంటర్‌లైన్ నుంచి సరదా షాట్లు కొట్టడం ఈ అయిదు నిమిషాల్ని తినేసే అలవాటు, దాన్ని కెప్టెనే ఆపాలి. మండే ఎండలో అయితే మూడు నిమిషాలకు కుదించండి, లేఅప్‌లు మాత్రం తీసేయొద్దు.

సాయంత్రం మ్యాచ్ తూర్పు పడమరలుగా ఉన్న కోర్టులో అయితే సూర్యుడు ఇప్పుడు ఎవరి కళ్ళల్లో పడుతున్నాడో గమనించండి. మనకే పడుతుంటే ఎత్తు పాసులు మానేసి బౌన్స్ పాసులకు మారాలి.

మొదటి మూడు నిమిషాలు, ఆపైన ప్రాక్టీసు

త్రో-ఇన్ ప్లేతో మొదలుపెట్టి, మొదటి మూడు పొసెషన్లలో ఏం ఆడాలో ముందే పేరుతో చెప్పి ఉంచండి. అవతలివాళ్ళు వరసగా ఆరు పాయింట్లు వేస్తే మూడో క్వార్టర్ కోసం దాచిన టైమవుట్ అప్పుడే వాడాలి. అయితే మొదటి రెండు నిమిషాల్లో షాట్లు పడలేదని మాత్రం బోర్డు మీద చెప్పిన మూడింటినీ మార్చకండి. దేన్నయినా నాలుగైదు పొసెషన్లు ఆడితేగానీ పనిచేస్తోందో లేదో తెలియదు.

ఇదంతా మ్యాచ్ రోజే మొదటిసారి చేస్తే గందరగోళమే మిగులుతుంది. ప్రాక్టీసులో అందరూ గంటన్నర ఏకధాటిగా ఆడిస్తారు, ఆగి మళ్ళీ మొదలుపెట్టడం ఎవరూ నేర్పరు. వారానికి ఒకసారైనా పది నిమిషాలు ఆడించి, గడియారం పెట్టి నిజంగానే 15 నిమిషాలు ఆపి, పైన చెప్పిన వరసంతా చేయించి, తర్వాత ఎనిమిది నిమిషాల ఆటని విడిగా స్కోరు కట్టండి. రాసే ఇద్దరికీ అదే సాధన. ప్రతి మ్యాచ్ తర్వాత మూడో క్వార్టర్ మొదటి నాలుగు నిమిషాల స్కోరు ఒక్కటే, మనది, వాళ్ళది, నోట్‌బుక్‌లో వేరే పేజీలో రాయండి. ఆ పక్కనే బోర్డు మీద చెప్పిన మూడు విషయాలు, దిగిన అయిదుగురి నంబర్లు. ఎనిమిది మ్యాచ్‌లయ్యాక ఆ పేజీ తిరగేస్తే ఏ అయిదుగురితో మొదలుపెడితే మనకు కలిసొస్తోందో, ఎలాంటి మాట కోర్టులో అమలవుతోందో కనిపిస్తుంది. తర్వాతి మ్యాచ్ హాఫ్‌టైమ్‌కి వెళ్ళేటప్పుడు బోర్డుతో పాటు ఆ పేజీ కూడా చేతిలో ఉండాలి.